మూడో గంట

నా చిన్నప్పుడు మా గుడికి, అంటే మా చర్చికి, వచ్చేవాళ్ళలో ఎవరి ఇంట్లోనూ గడియారం ఉండేది కాదు. ఆదివారం గుడి గంటే మాకు గడియారం. మొదటి గంటకు స్నానాలు, రెండో గంటకు ఉతికిన బట్టలు, మూడో గంటకు ఆరాధన మొదలు. మూడో గంట మోగాక లోపలికి వచ్చేవాళ్ళు తల వంచుకుని రావాల్సిందే. మా జేజి, అంటే మా నాయనను కన్న తల్లి, ఆ తలవంపులు తను ఒక్కనాడూ పడలేదని గొప్పగా చెప్పుకునేది.

మాది చిన్న గుడి, మట్టి మిద్దె. జేజి పెళ్ళయి వచ్చిన కొత్తలో తోటి ఆడవాళ్ళతో కలిసి గుట్ట మీది రాళ్ళు నెత్తిన మోసి కట్టిన గోడలవి. అనంతపురం సీమలో వానలు ఎగ్గొట్టడం కొత్త కాదు గానీ, ఆసారి ఏడాది మీద ఏడాది వరసగా ఎగ్గొట్టాయి. వేరుశనగ వేసినవాళ్ళకు విత్తనాలు కూడా దక్కలేదు. సగం ఇళ్ళవాళ్ళు మూటాముల్లె సర్దుకుని బెంగుళూరు పనులకు పోయారు. మిగిలిన కొద్దిమందికి వేరే అయ్యగారిని ఇవ్వలేమని, మేం వంక అనే వాగుకు అవతలి ఊరి సంఘంలో కలిసిపొమ్మని పైనుంచి కబురొచ్చింది. పాస్టరును మేం అయ్యగారనే పిలిచేవాళ్ళం. మా గుడికి తాళం వేసిన రోజు జేజి అన్నం ముట్టలేదు.

అవతలి ఊరికి బోరింగు ఉండేది. మాకు వంకలో చెలమే గతి. ఎండిన వంక ఇసుకలో గుంట తవ్వుకుని, అడుగున ఊరే నీళ్ళను చిప్పతో తోడి బిందెలో పోసుకోవాలి. ఒకరి బిందె నిండితే గానీ ఇంకొకరికి వంతు రాదు. ఆదివారం కదా అని చెలమ తొందరపడదు. అందుకే మొదటి ఆదివారం మేం వాళ్ళ గుడి చేరేసరికి మూడో గంట మోగి, ఒక పాట కూడా అయిపోయింది. లోపల చోటు లేదు. వాకిట్లో చెప్పుల పక్కన కూర్చున్నాం. ఆరాధన అయ్యాక ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన మా నాయనతో, "ఏమప్పా, మీ ఊర్లో ఆదివారం పొద్దు లేటుగా పొడుస్తాదా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. మా నాయన కూడా మొహమాటానికి నవ్వాడు. జేజి నవ్వలేదు.

"పిలవని పేరంటానికి పోయినట్లయింది. ఇంగ నేను రాను" అంది దారిలో.

జేజి రానంటే మా పల్లెలో ఎవరూ కదలరు. పాత గుడికి తాళం పడింది, కొత్త గుడికి కాళ్ళు రావడం లేదు. నెలల పిల్లాడైన మా తమ్ముడికి ఇంకా బాప్తిస్మం కాలేదు. వీడికెవరు ఇస్తారని మా అమ్మ వాణ్ణి ఒళ్ళో వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. జేజి విననట్టే చాటలో రాగులు చెరుగుతూ ఉండేది. తర్వాతి ఆదివారం వంక మీదుగా వాళ్ళ గంటలు మూడూ వినిపించాయి. ఇంట్లో ఎవరం ఎవరి మొహం చూసుకోలేదు.

ఆ గుడిలో గంట కొట్టేది ఒక పెద్దావిడ, పిల్లలమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. ఆ వారంలోనే ఒక పొద్దున ఆమె ఒక్కతే నడుచుకుంటూ మా చెలమ దగ్గరికి వచ్చింది. అప్పుడు మా వంతు నడుస్తోంది. జేజి పలకరించలేదు. ఎంత కోపమున్నా మన చోటికి వచ్చిన మనిషికి నీళ్ళివ్వకుండా పంపే అలవాటు మా వైపు లేదు కాబట్టి, ఊరిన నీళ్ళు ముందు ఆమె చెంబులోనే పోయసాగింది. చెంబు నిండేదాకా పెద్దమ్మ ఇసుకలో కూర్చుని చూస్తూనే ఉంది. వెనక వరసగా పెట్టిన ఖాళీ బిందెలనూ చూసింది. రెండు గుక్కలు తాగి, మిగిలినవి జాగ్రత్తగా మా బిందెలోనే పోసింది.

"ఆదివారం రాండి అక్కా" అంది.

"వచ్చి? మళ్ళా చెప్పుల కాడ కూసోవాల్నా?"

"మూడో గంట నా చేతిలో ఉండాది. మీరు రాండి" అని లేచి వెళ్ళిపోయింది.

జేజి అంత తేలిగ్గా మెత్తబడే మనిషి కాదు. ఆదివారం పొద్దున అందరినీ నిలబెట్టి, "పోదాం. వంక దాటకముందే మూడో గంట ఇనపడిందా, ఆడినుంచే ఎనక్కి" అంది.

రెండో గంట మోగేసరికి మేమింకా చెలమ దగ్గరే ఉన్నాం. బిందెలు ఇళ్ళలో దింపి బయలుదేరాక జేజి మామూలుగానైనా నడిచిందా, లేదు. వంక నడిమధ్య ఒక బండ మీద కూర్చుని, అరికాల్లో ముల్లు దిగిందంది. నేను వంగి చూశాను. పగుళ్ళు ఉన్నాయి గానీ ముల్లు లేదు. ఆమె చెవులు మాత్రం అవతలి గట్టు మీదే ఉన్నాయి. ఇసుక కాలుతోంది. మా అమ్మ తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "ప్రభువా, గంట మోగనీయొద్దు" అని నేను లోలోపల వేడుకున్నాను. గంట మోగవద్దని గుడికి పోతూ ప్రార్థన చేసింది ఆ ఒక్కసారే.

గంట మోగలేదు. సాకులు అయిపోయి జేజి లేచింది.

గట్టు ఎక్కుతూ తలెత్తి చూశాం. అవతలి ఊరివాళ్ళంతా గుడి బయటే ఉన్నారు. అయ్యగారు గడప దగ్గర మెడ తుడుచుకుంటున్నారు. గంట రాతి స్తంభానికి వేలాడేది, అక్కడ గోరంత నీడ కూడా లేదు. పెద్దమ్మ ఆ ఎండలో తాడు పట్టుకుని నిలబడి ఉంది. మొన్నటి పెద్దమనిషి ఆమె మీద కేకలేస్తున్నాడు.

"ఎంతసేపమ్మా? ఎండ నెత్తికెక్కె. కొట్టు!"

"మూడో గంట అందరూ వచ్చినాక గదా కొట్టేది. అందరూ యాడొచ్చినారు?"

"మనోళ్ళంతా వచ్చినారు గదా!"

పెద్దమ్మ గడ్డంతో మా వైపు చూపించింది. "మనోళ్ళు అదిగో, ఇంగా గట్టెక్కుతాండారు."

ఆ మాట జేజి చెవిన పడింది. ముల్లు సంగతి మరిచిపోయింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఎంత వేగంగా నడిచిందంటే నేను వెనక పరుగెత్తాల్సి వచ్చింది. మేం గుడి ముందుకు వచ్చాకే గంట మోగింది. జేజి లోపలికి పోలేదు. చివరి దెబ్బ దాకా పెద్దమ్మ పక్కనే ఎండలో నిలబడి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు. కేకలేసిన పెద్దమనిషి జరిగి మా నాయనకు చోటిచ్చాడు.

ఆ రోజే పెద్దమ్మ ఇంకో మాట చెప్పింది. ఆదివారాలు చెలమ దగ్గర కాచుకోవద్దని, ఖాళీ బిందెలు గుడికే తెచ్చుకుని పోయేటప్పుడు బోరింగులో నింపుకొమ్మని. అప్పటినుంచి ఆదివారం గుడి గోడ వారగా మా బిందెలు బారుగా ఉండేవి. జేజి మమ్మల్ని రెండో గంటకు ముందే అక్కడ దింపేది. "ఆయమ్మను ఎండలో నిలబెడతారా?" అని తిట్టి మరీ లేపేది. మా తమ్ముడి బాప్తిస్మం ఆ గుడిలోనే అయింది.

ఇప్పుడు ఆ తాడు నా చేతికి వచ్చింది. మోకాళ్ళు మాత్రం జేజివే వచ్చాయి. అందరి చేతుల్లో ఫోన్లున్నా గంట కొట్టడం మానలేదు మేం. ఈ ఏడు గుట్ట వెనక పల్లెలో మిగిలిన నాలుగిళ్ళవాళ్ళూ మా సంఘంలో కలిశారు. ఒకే ఆటోలో ఇరుక్కుని వస్తారు, ఆ ఆటో వేళకు రాదు. కొత్తలో మా ఇప్పటి కుర్ర పాస్టరు, చిన్న అయ్యగారు, ఫోన్ చూసుకుంటూ, "టైమైందవ్వా, కొట్టు" అనేవాడు. "అందరూ వచ్చినారా నాయనా?" అని అడిగి ఊరుకునేదాన్ని. విసుక్కునేవాడు. పెద్దమ్మ సంగతి అతనికి నేనెప్పుడూ చెప్పలేదు.

మొన్న ఆదివారం ఆటో మరీ ఆలస్యమైంది. జనం గొణుగుతున్నారు, నాకూ కాళ్ళు లాగేస్తున్నాయి. ఇక కొట్టేద్దామా అని తాడు బిగించాను. అంతలో చిన్న అయ్యగారు గబగబా బయటికి వచ్చి, ఎండకు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని గుట్ట మలుపు వైపు చూశాడు.

"ఇంగా కొట్టొద్దవ్వా," అన్నాడు. "మనోళ్ళు రాలేదు."