ఓబుళేసు వంకర సాలు

బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లో ఓబుళేసు విత్తనాల గొర్రు తోలిన చేను ఏదని ఎవరినీ అడగాల్సిన పని లేదు. గట్టు మీద నిలబడి చూస్తే చాలు. ఆయన విత్తిన వేరుశనగ సాళ్లు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దారం పట్టి లాగినట్టు ఉంటాయి. వాన పడి నేల పదునెక్కితే గడువు మూడు రోజులే. ఆ మూడు రోజుల్లో విత్తనం పడలేదా, ఆ ఏడు గోవిందా. అందుకని పదును రోజుల్లో ఆయన గుమ్మం ముందు రైతులు తెల్లారకముందే పడిగాపులు కాసేవాళ్లు. ఆయనా తక్కువవాడేం కాదు. మీసం దువ్వుకుంటూ, ఎవరి చేనుకు ముందు వస్తాడో కలెక్టరు హుకుం ఇచ్చినట్టు ఇచ్చేవాడు.

ఓబుళేసు ఊళ్లో ఒక ఆచారం ఉంది. తొలకరికి ఊరంతటి తరఫునా మొదటి సాలు ఒకే మనిషి వేయాలి. అది ఊరి ముందరి చేను నడిమధ్య గుండా, అందరూ చూస్తుండగా పడాలి. గొర్రు ఒకసారి నేలలో దిగిందంటే అవతలి గట్టు చేరేదాకా ఎత్తకూడదు. మధ్యలో ఎత్తితే వాన కూడా మధ్యలోనే మొహం చాటేస్తుందని నమ్మకం. ఇరవై రెండేళ్లుగా ఆ మొదటి సాలు ఓబుళేసుదే. మూడెకరాల మెట్ట తప్ప వేరే సిరి లేని మనిషికి అంతకు మించిన బిరుదు ఏముంటుంది?

ఊరి ముందరి చేను అన్నానే, అది మొదట్లో చేను కాదు, బీడు. పలుగురాళ్లు, బోద గడ్డి, తంగేడు పొదలు. ఓబుళేసు చిన్నతనంలో అక్కడ జింకలు మందలుగా మేసేవి. కాలు పెడితే చాలు, కౌజుపిట్టలు బుర్రుమని లేచేవి. మేకంత ఎత్తుండే బట్టమేక పిట్ట ఆ గడ్డిలో ఎవరినీ లెక్కచేయకుండా దర్జాగా నడిచేది. తర్వాత వేరుశనగకు గిరాకీ వచ్చింది. కొర్ర పోయింది, జొన్న పోయింది, వాటి వెనకే బీళ్లూ పోయాయి. ఆ బీళ్లలో మొదటి గొర్రు తోలింది ఎవరయ్యా అంటే మన ఓబుళేసే. బెళుగుప్పలో అంగడి ఉన్న వీరభద్రయ్య ఊరి ముందరి పన్నెండెకరాలు కొని, రాళ్లు ఏరించి, తొంభై మూడులో ఆయన చేతనే దాన్ని చేను చేయించాడు. అంతవరకు వేరే చేలో పడే మొదటి సాలు కూడా అప్పటినుంచి ఇక్కడికే మారింది. ఆ సాళ్ల తీరు చూసి ఊరు మెచ్చుకుంది. జింకలు ఎటు పోయాయని ఎవరూ అడగలేదు. ఓబుళేసూ అడగలేదు.

తొంభై తొమ్మిదిలో మృగశిర కార్తెలో నేల తడిసి ముద్దయ్యేలా వాన పడింది. టెంకాయ కొట్టి, ఎద్దులకు పసుపు పూసి, ఓబుళేసు గొర్రు దించాడు. వెనకాలే ఆయన భార్య బయమ్మ, ఒడిలోని విత్తనాలను గొర్రు మీది చెక్కగిన్నెలోకి జారుస్తూ నడుస్తోంది. సగం దూరం పోయారో లేదో, ఎద్దుల ముందు నుంచి తీతువు పిట్ట ఒకటి గోల పెడుతూ లేచింది. తీతువు కూత చెడ్డదని ఊరందరికీ తెలుసు, బయమ్మకు మరీ తెలుసు. ఆమె గబగబా మూడుసార్లు ఉమ్మేసింది. పిట్ట మాత్రం పారిపోలేదు. ఎద్దుల మొహాల మీదికే దూకుతోంది. ఓబుళేసు ఎద్దులను ఆపి చూశాడు. పదడుగుల ముందు, సాలు పోవాల్సిన దారికి సరిగ్గా అడ్డంగా, గులకల మధ్య నాలుగు గుడ్లు. రాళ్ల రంగే, మీద నల్ల మచ్చలు.

ఎత్తి దాటిద్దామంటే ఇది మొదటి సాలు. నేరుగా పోదామంటే నాలుగు ప్రాణాలు. గుడ్లు జరిపితే పిట్ట మళ్లీ వాటి మీద కూర్చోదు. గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది.

"పోనీలేయ్యా, మళ్లీ యాడన్నా పెట్టుకుంటాది," అంది బయమ్మ మెల్లగా.

"యాడ పెట్టుకుంటాదే? దాని బీడంతా నేనే దున్నినాను గదా," అన్నాడు ఓబుళేసు.

ఆ మాట తన నోట వస్తుందని ఆయనకే తెలియదు. వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాలేదు. పగ్గం బిగించి ఎద్దులను కుడికి మళ్లించాడు. గొర్రు ఎత్తలేదు, గుడ్డుకు తగల్లేదు. సాలు మాత్రం వంగింది.

మొదటి సాలు వంగితే దాన్ని అంటిపెట్టుకుని నడిచే రెండోది వంగాలి, మూడోదీ వంగాలి. గుడ్లకు అవతలి పక్క సాళ్లు ఎడమకు వంగాయి. పొద్దు వాలేసరికి వీరభద్రయ్య చేను మధ్యలో కన్ను ఆకారంలో విత్తని చోటొకటి మిగిలింది. అందులో తీతువు కంటిపాపలాగా కూర్చుంది.

ఊరు ఎంత నవ్విందో చెప్పలేను. రెండో గొర్రు తోలే శివప్పకు అయితే పండగే. ఇరవై ఏళ్లుగా మొదటి సాలు కోసం కాచుకున్న మనిషి మరి. "మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. మన ఓబుళేసన్న ఏభై దాటినాక వంగినాడప్పా," అని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. వీరభద్రయ్య నవ్వలేదు. తన అంగడికి వచ్చినవాళ్లంతా చేనుకు కన్ను ఎందుకు వచ్చిందని అడుగుతున్నారట. వచ్చే ఏడు మొదటి సాలు శివప్ప వేస్తాడని తేల్చి చెప్పేశాడు. ఆ మాట విన్న రోజు ఓబుళేసు సంగటి ముద్ద సగంలో వదిలేసి లేచాడు. బిరుదు పోయినందుకు బాధ పడలేదని అంటే అది అబద్ధం. చాలా బాధ పడ్డాడు.

నాలుగు వారాల తర్వాత కలుపుకు పోయిన బయమ్మ, కొడవలి చేతిలోనే పట్టుకుని ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "నాలుగూ లేసినాయయ్యా. ఒళ్లు ఇంతే, మిగిలిందంతా కాళ్లే," అంటూ ఆ పిల్లలు ఎలా పరుగెత్తాయో నడివాకిట్లో నడిచి చూపించింది. ఓబుళేసు కడుపు పట్టుకుని నవ్వాడు. నెల రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు. ఆ ఏడు వేరుశనగ కాయ బాగానే పండింది. అది వాన పుణ్యమే గాని తీతువు పుణ్యమని నేననను. బయమ్మ మాత్రం తీతువు కూస్తే ఉమ్మేయడం మానేసింది.

మరుసటి ఏడు తొలకరికి శివప్ప కొత్త తలగుడ్డ చుట్టుకొని గొర్రు దించాడు. ఓబుళేసు గట్టు మీద, అందరి వెనకాల నిలబడ్డాడు. సగం చేనులో తీతువు లేచింది. అదే పిట్టో, దాని పిల్లో. శివప్ప నేరుగా తొక్కించేస్తాడనే ఊరు అనుకుంది. ఆయన ఆగిపోయాడు. కుడికి లాగితే ఎద్దులు ఎడమకు పోయాయి, ఎడమకు లాగితే గొర్రు మొరాయించింది. నేరుగా తోలడం ఎవరైనా నేర్చుకుంటారు. నేలలో దిగబడిన గొర్రును ఎత్తకుండా వంచాలంటే చేతుల్లో వేరే విద్య ఉండాలి. ఎద్దు గిట్ట గుడ్లకు జానెడు దూరంలో పడేసరికి శివప్ప ఎద్దులను నిలబెట్టేశాడు. వెనక్కి తిరిగి గట్టు వైపు చూశాడు.

"ఓబుళేసన్నా, రా. వంచేది నాకు చేతగాలేదు."

దెప్పిపొడవాలంటే ఓబుళేసుకు అంతకన్నా మంచి సమయం దొరకదు. ఆయన చెప్పులు విడిచి చేనులో దిగాడు. శివప్ప చేతిలోని మేడి అందుకుని, ఎద్దులను పేరు పెట్టి పిలిచి, ఉయ్యాల ఊపినంత మెత్తగా గొర్రును గుడ్ల పక్కగా తిప్పుకుపోయాడు. అవతలి గట్టు చేరాక ఈలలు మోగాయి. ఈసారి కన్ను నిరుటి కన్నా తీరుగా కుదిరిందని వీరభద్రయ్యే అన్నాడు. ఆ తర్వాత తన చేను కంటి గురించి అంగట్లో గొప్పలు చెప్పుకోవడమూ మొదలుపెట్టాడు. మొదటి సాలు మళ్లీ ఓబుళేసుకే వచ్చింది.

ఆ తర్వాత వరసగా కరువులు వచ్చాయి. పంటలు ఎండినా చేల కళ్లు ఎండలేదు. విత్తని ఆ చోట్లలో బోద గడ్డి లేచింది, తంగేడు పూసింది. కౌజులు దిగాయి, ఒక కుందేలు కాపురం పెట్టింది. ఒకరిని చూసి ఒకరు, గుడ్లు కనబడితే చాలు, ఓబుళేసును పిలిపించుకునేవాళ్లు. జింకలు రాలేదు. బట్టమేక పిట్ట అసలే రాలేదు. పోయినవన్నీ తిరిగొస్తాయని ఓబుళేసు ఏనాడూ అనలేదు. ఉన్నవాటిని చూసి మాత్రం చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు. రెండు వేల ఆరులో ఊరి గుట్టెక్కి చూస్తే పద్నాలుగు చేలు కళ్లు తెరిచి ఆయన వైపే చూస్తున్నాయి.

పద్నాలుగోది శివప్ప చేను. తనను పిలవకుండా అక్కడ కన్ను ఎలా వచ్చిందో ఓబుళేసుకు అర్థం కాలేదు. గుట్ట దిగి నేరుగా అక్కడికి పోయి, ఎక్కడ తొక్కుతానోనని ఒక్కో అడుగూ చూసి వేస్తూ ఆ చోటంతా వెతికాడు. పిట్ట లేదు, గుడ్డూ లేదు. అంతలో శివప్ప వచ్చాడు.

"ఏమప్పా, ఈడ గుడ్లే ల్యావే?"

"ల్యావన్నా. ఇంకా పెట్టలేదు."

"మరి దేనికి వంచినావు?"

శివప్ప సిగ్గుపడ్డాడు. "వస్తే పెట్టుకోడానికి సోటుండల్ల గదన్నా," అన్నాడు.

ఓబుళేసు ఆ ఖాళీ నేల అంచు వెంబడి ఒక చుట్టు నడిచి చూశాడు. తర్వాత శివప్ప భుజం మీద చెయ్యి వేసి, అంచులో సాలు కాస్త గతుకు పడిన చోటికి తీసుకుపోయాడు. వచ్చే ఏడు అక్కడ రెండడుగులు ముందుగానే ఎద్దులను మళ్లించమని చెప్పాడు.