అంకప్పకు కనిపించే చేతులు

హోసూరు బస్టాండు వెనక సందులో నాది సైకిల్ షాపు. దాని గోడకు ఆనుకునే అంకప్ప కొట్టు. ఆయన కిరోసిన్ స్టవ్వులు బాగుచేసేవాడు. స్టవ్వు పంపులో ఉండే తోలు వాషర్ లాంటిదే పాతకాలపు గాలి పిస్తోళ్లలోనూ ఉంటుంది. గొట్టం వంచితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది, ట్రిగ్గరు నొక్కితే అది గాలిని తోసి గుండును విసురుతుంది. దొరలు ఎప్పుడో ఖాళీ చేసిన బంగళాల నుంచి, మామిడి తోటల నుంచి డెబ్బైలలో తుప్పుపట్టిన పిస్తోళ్లన్నీ అంకప్ప దగ్గరికే వచ్చేవి.

పేరు చెరిగిపోయిన పిస్తోలైనా సరే, మడత దగ్గరి మర చూసి అది ఏ దేశానిదో చెప్పేవాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. పిడి అరిగిన తీరు తడిమి, దాన్ని పట్టుకున్న మనిషిది ఎడమచేతి వాటమనీ, వేలికి ఉంగరం ఉండేదనీ చెప్పేవాడు. ఆ చేతులు తనకు కనిపిస్తాయట. పని అయ్యాక చింతపండుతో చేతులు తోముకునేవాడు, వాళ్ల చెయ్యి తనకు అంటుకోకూడదని. స్టవ్వుల్లో వంటలక్కలు కనిపించరా అని నేను ఆటపట్టిస్తే నవ్వేవాడు కాదు. నాకు ఒళ్లు మండేది. నిజం చెప్పొద్దూ, కొంచెం భయం కూడా వేసేది.

డెబ్బై ఎనిమిదిలో, దసరాకు ముందు, కృష్ణగిరి నుంచి కాత్యాయనమ్మ వచ్చింది. కిరాణా వర్తకుల ఇంటి కోడలు. భర్త జగన్నాథ్ పోయి పదేళ్లు దాటింది. ఆయన పిస్తోలును ఏటా ఆయుధపూజకు బయటికి తీసి, కూతురి చేత గంధం, కుంకుమ పెట్టించి, మళ్లీ పెట్టెలో దాచేది. వేరెవరినీ ముట్టనిచ్చేది కాదు. ఇప్పుడు కుందారపల్లి తోటలో కోతుల్ని బెదిరించడానికి మరిది అడుగుతున్నాడు. కాదంటే నిష్ఠూరం. అందుకని బాగుచేయించడానికి తెచ్చింది. ఏటేటా పెట్టిన కుంకుమ కింద ఇనుమును తుప్పు తినేసింది. మన భక్తి ఇనుముకు తెలియదు కదా.

అంకప్ప గీకి చూసి జర్మనీదన్నాడు. గొట్టం వంచాడు. మామూలుగా దాన్ని వంచాలంటే జబ్బ సత్తువంతా పెట్టాలి. ఇదేమో తలుపు రెక్కలా తేలిగ్గా ఒరిగింది. స్ప్రింగు విరిగిందేమో అన్నాను. ఆయన లోపలి కొక్కెం చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇది ముందే ఎక్కించి ఉందమ్మా, స్ప్రింగు బిగుసుకునే ఉంది. గుండు పెట్టలేదు. కడాసారి దీన్ని వంచిందెవరు?"

కాత్యాయనమ్మ స్టూలు మీద కూలబడింది. పెరట్లోకి కోతులొస్తే ఆయన పిస్తోలు వంచడం వంటింట్లోంచి చూసిందట. గుండు కోసం జేబులో చెయ్యి పెడుతూనే ఎద పట్టుకుని పడిపోయాడట. ఆ తర్వాత దాన్ని మూసి దాచడమే తప్ప ఎవరూ వంచలేదు.

అంటే ఆ మనిషి చేతి బలం అన్నేళ్లుగా ఆ స్ప్రింగులోనే ఉంది. దయ్యాలను నమ్మని నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. స్ప్రింగు బిగువును వదలకుండా పిస్తోలును విప్పితే అది ఎగిరి కన్ను పోతుంది. అట్లాగే ఇంటికి పంపితే ఏ పసిదో ముట్టుకుని వేళ్లు నలగ్గొట్టుకుంటుంది. వదిలితే, ఆయన ఈ లోకంలో చేసిన ఆఖరి పని కాస్తా అయిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అంకప్ప ఇదంతా మెల్లగా చెప్పి, ఆమె ఇష్టమన్నాడు.

ఆమె ట్రిగ్గరు తానే నొక్కుతానంది. అంకప్ప గొట్టంలో తీగ దూర్చి, ఏమీ లేదని చూసుకుని, మూసి చేతికిచ్చాడు. ఆమె ఎడమ అరచేతిని గొట్టానికి ఎదురుగా, జానెడు దూరంలో పెట్టుకుని కళ్లు మూసుకుంది. టప్పుమని చిన్న చప్పుడు. చేతికి గాలి తగిలింది కాబోలు, గుప్పిట ముడుచుకుంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పిస్తోలు అంకప్పకిచ్చి, గుప్పిట విప్పి ఎడమ అరచేతిని మళ్లీ చాపింది.

"ఇంగో తూరి ఎక్కియ్యి అంకప్పా."

అంకప్ప గొట్టం మీద చెయ్యి వేశాడు గానీ వంచలేకపోయాడు.

"ఇప్పుడు ఎక్కిస్తే అది నా చెయ్యి అవుతుందమ్మా."

ఆమె చెయ్యి మాత్రం తీయలేదు.