ఊటీ దారిలో ఎర్రటి ధార

నాలుగేళ్ల కిందటి మే నెల. విజయవాడ ఎండలకు తట్టుకోలేక, బెంజ్ సర్కిల్ దగ్గర టూరిస్టు బస్సెక్కి ఊటీ బయలుదేరాం. ముందురోజే అత్తయ్యగారు కొత్తావకాయ కలిపారు. జాడీ మాత్రం తేవద్దని నేను గట్టిగా చెప్పాను. ఆవిడ సరేనన్నారు.

మర్నాడు బస్సు ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతోంది. మా ముందు సీట్లో నిద్రపోతున్న మైలవరం నుంచి వచ్చిన మాస్టారి బట్టతల మీంచి నుదుటి మీదికి ఎర్రటి ధార జారింది. "రక్తమండీ, బస్సాపండి" అన్నారు ఆయన భార్య. డ్రైవర్ బస్సాపేశాడు. ఆస్పత్రి ఎంత దూరమని ఎవరో అడుగుతున్నారు.

అత్తయ్యగారు మెల్లగా లేచారు. "రక్తం కాదండీ, పైన మా సంచిలో ఆవకాయ జాడీ ఉంది. ఇవాళ మూడోరోజు కదా, తిరగ కలపాలని తెచ్చాను."

బస్సంతా మావైపే చూసింది. నేను తలెత్తలేకపోయాను.

మాస్టారు నుదురు తుడుచుకుని, ఆ వేలు నాకి చూశారు. "ఉప్పు తగ్గిందమ్మా" అన్నారు.

ఊటీలో దిగాక మేం మొదట వెళ్లింది ఉప్పు కొనడానికే. ఆ తర్వాత ఏ వేసవి ప్రయాణంలోనూ జాడీ వద్దని నేను అనలేదు. నా ఒళ్లోనే పెట్టుకుంటున్నాను.