సగం మాత్ర సాక్ష్యం

అలసినవారికి ఊపిరి పోసే దేవునికి స్తోత్రం. నోటికి మాటనూ, ఆ మాటలో తప్పు దొర్లితే దిద్దుకునే గడువునూ ఇచ్చేది ఆయనే.

నేను ఢిల్లీలో ఒక వైద్య పరిశోధన పత్రికలో వ్యాసాలు దిద్దుతాను. ఏటా డిసెంబరు సంచికలో మా పత్రిక ఒక హాస్య వ్యాసం వేస్తుంది. అచ్చం పరిశోధనలాగే పట్టికలు, గ్రాఫులు అన్నీ ఉంటాయి. పోయిన డిసెంబరు వ్యాసం ప్రకారం, బీపీ మాత్రకు పాట వినిపిస్తే, సగం వేసుకున్నా చాలు. రెండో పేజీకి వెళితే గానీ తెలియదు, పరీక్షించింది ఒక్క రోగినేనని. ఆ రోగి రచయితకు మామగారు. ఇప్పుడు అల్లుడితో మాట్లాడటం లేదు. నాసిరకం పరిశోధనల మీద వెక్కిరింపు అది.

జనక్‌పురిలో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. జనవరిలో ఒకసారి, రిటైరైన కేంద్ర ప్రభుత్వ అధికారి ఒకాయన ఫోను పైకెత్తి లేచారు. వాట్సాప్‌లో వచ్చిన మా వ్యాసం మొదటి పేజీ ఫొటో.

"సైన్సే ఒప్పుకుందండీ! మాత్రను కీర్తనల పుస్తకం మీద పెట్టి, పాట పాడి, సగమే వేసుకుంటున్నా. కాస్త తల తిరుగుతోంది, అంతే."

"స్తోత్రం!" అంది సంఘమంతా. ఆయన కూతురు మాత్రం కూర్చోమంటూ చొక్కా పట్టి లాగింది. "పాపా, బైఠ్ జాయియే, ప్లీజ్."

నేను లేచాను. వారమంతా ఆఫీసులో చేసే పనే, ఇక్కడా.

"అంకుల్, అది జోకండీ. మా పత్రికదే. రెండో పేజీ చూడండి."

"జోకా? టేబుల్ ఉంది, గ్రాఫ్ ఉంది. మీ ఆఫీసులో నవ్వుకోడానికీ గ్రాఫ్ కావాలామ్మా?"

వెనక వరసల్లో నవ్వారు. ఆయన నవ్వలేదు. నా ఫోనులో రెండో పేజీ చదువుతూ మామగారి దగ్గర ఆగారు.

"అచ్ఛా. మరి మిగతా నెలల్లో మీరు వేసేవి నిజమేనని నాకెలా తెలియాలి?"

ఒకరిద్దరు రోగులను చూసి లోకమంతటికీ తీర్పు చెప్పే వ్యాసాలు ఏడాది పొడవునా నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. వాటిలో నవ్వు ఉండదు. కొన్నింటిని ఆపుతాం. కొన్ని మా కళ్లుగప్పి వెళ్లిపోతాయి.

సాక్ష్యంలో చూపించడానికని ఆ పూట మిగిలిన సగం మాత్రను ఆయన రుమాల్లో కట్టి తెచ్చారు. కూతురు నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. అందరి ముందూ మింగి, కుర్చీలో కూలబడి నా వైపు చూశారు.

"ఠీక్ హై. మొత్తం వేసుకున్నా. ఇప్పుడు చెయ్యమ్మా ప్రార్థన."

మర్నాడే కూతురు ఆయన్ని డాక్టరుకు చూపించింది. తల తిరగడం ఇంకా పూర్తిగా తగ్గలేదు. అందుకే, చదివే మీరూ ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతోపాటు అనండి: ప్రభువా, ఆ పెద్దాయనను నిలబెట్టు. రెండో పేజీ దాకా చదివే ఓపిక మా అందరికీ ఇవ్వు.