రెండు గంటలకొకసారి

మూడు పెన్నులు వాడాను. ఒకటి నీలం, ఒకటి నలుపు, మూడోది గీకి గీకి రాస్తే తప్ప పడని పాత బాల్‌పెన్ను. అంతా ఒక్కరోజే కూర్చుని రాశానని తెలియకూడదు కదా! పల్లెలో తిరిగిన బుక్కులా కనబడాలని పేజీల మూలలకు వేలితో కాస్త నూనె కూడా రాశాను. ఇంత తెలివి చదువు మీద పెట్టి ఉంటే నా మొహానికి బంగారు పతకం వచ్చేది.

ఎనభైల చివర్లో సంగతి ఇది. ఎంబీబీఎస్ పరీక్షలయ్యాక హౌస్ సర్జన్లంతా మూడు నెలలు పల్లె దవాఖానలో పనిచేయాలి. నేను పట్టుబట్టి సిద్దిపేట దగ్గర వేయించుకున్నాను. ఊరు మాదే, బజార్లో బాపుకు బట్టల దుకాణం, ఇంట్లో అవ్వ చేతి తిండి. ఇంకేం కావాలి? ఒక్కొక్కరికి ఎనిమిది వారాల పాటు ఒక కుటుంబాన్ని అప్పగించేవారు. ప్రతి గురువారం ఆ ఇంటికి వెళ్లి ఏం తింటున్నారు, నీళ్లెక్కడివి, ఎవరికేం కష్టం అని అడిగి, మనమిచ్చిన సలహాతో సహా బుక్కులో రాయాలి. చివర్లో కాలేజీ నుంచి ప్రొఫెసర్ వచ్చి, ఆ ఇంట్లోనే నిలబెట్టి పరీక్ష చేస్తారు.

నాకు వచ్చిన ఇల్లు దుబ్బాక పోయే దారిలో, ఒక పల్లె మొదట్లోనే ఉండేది. బస్సు దిగితే నలభై అడుగులు కూడా ఉండదు. ఇంటాయన కల్లు గీసేవాడు. తాటిచెట్టు మీంచి పడి నడుము కింద చచ్చుబడిపోయింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో ఉంచుకుని, ఇక చేసేదేం లేదని అప్పటికి రెండు వారాల కిందట ఇంటికి పంపేశారు. వెనక గదిలో మంచం మీద వెల్లకిలా పడుకుని రోజంతా ఇంటికప్పు చూస్తుండేవాడు. ఆయన భార్యకు నలభై ఏళ్లుంటాయి. బీడీలు చేసి ఇల్లు నెట్టుకొస్తోంది.

మొదటి గురువారం వెళ్లాను. పక్కింటి నుంచి కుర్చీ తెప్పించి కూర్చోబెట్టింది. బుక్కులో ఉన్న ప్రశ్నలన్నీ వరసగా అడిగేశాను. ఇక లేస్తుండగా ఆమె నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లింది. ఆయన్ని బలవంతాన కాస్త పక్కకు ఎత్తి వీపు కింది భాగం చూపించింది. నడుము ఎముక మీద రూపాయి బిళ్లంత మేర చర్మం ఎర్రబడింది.

"గిది దవాఖానల ఉన్నప్పుడు లేకుండె బిడ్డా. నొక్కితె గూడ ఎరుపు పోతలేదు. ఏం జెయ్యాలె?"

"నాకైతె నొప్పే తెలుస్తలేదమ్మా," అన్నాడాయన. "తెలిస్తెనే బాగుండు."

నాకు జవాబు తెలియదు. ఎప్పుడో చదివాను గానీ ఆ నిమిషాన గుర్తుకు రాలేదు. తెల్లకోటు వేసుకుని, మెళ్లో స్టెతస్కోపు వేలాడేసుకుని, నాకు తెలియదని ఎలా అంటాను? "వచ్చే వారం చెప్తానమ్మా," అన్నాను.

"మర్వకు బిడ్డా," అంది.

నిజానికి మరచిపోలేదు. అదే పాపం. ఆ సాయంత్రమే పుస్తకం తీశాను. మూడు లైన్లుంది జవాబు. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, వీపు తడి లేకుండా చూడాలి, ఎముకల కింద మెత్త పెట్టాలి. ఎర్రగా ఉన్నప్పుడే ఇవి చేస్తే పుండు పడదు. 'ఇచ్చిన సలహా' అన్న చోట ముత్యాల్లాంటి అక్షరాలతో అదంతా ఇంగ్లీషులో రాసుకున్నాను. పెన్ను మూత పెట్టేసరికి ఆమెకు చెప్పేసినంత తృప్తి కలిగింది.

రెండో గురువారం ఎండ నిప్పులు చెరుగుతోంది. "గీ ఎండల ఎటు పోతవే, రేపు పో," అంది అవ్వ. ఆ రేపు రాలేదు. మూడో గురువారం చుట్టాల పెళ్లి. ఆ తర్వాత ఎండా లేదు, పెళ్లీ లేదు, మొహం చెల్లకపోవడమే. ఇన్నాళ్లూ ఏమైపోయావని అడిగితే ఏం చెప్పాలి? ఎగ్గొట్టిన కొద్దీ వెళ్లడం కష్టమైంది. చివరికి ప్రొఫెసర్ వస్తున్నారని తెలిసి, మిగిలిన ఏడు వారాలూ ఒక్క మధ్యాహ్నంలో దుకాణం మేడ మీద కూర్చుని నింపేశాను. ప్రతి పేజీలో అదే ముక్క: 'సలహా మళ్లీ చెప్పాను.'

జీపు ఆ ఇంటి ముందు ఆగింది. ముందు గదిలో సాంబ్రాణి పొగ వేసినా వాసన దాగలేదు. వెనక గదిలో ఆమె దుప్పటి తీసింది. అరచెయ్యి పట్టేంత గుంత. అంచులు నల్లగా ఉన్నాయి, లోపల ఎముక తెల్లగా కనబడుతోంది. ప్రొఫెసర్ దాన్ని చూశారు, బుక్కు తిరగేశారు, ఆమె మీద విరుచుకుపడ్డారు.

"ఎనిమిదిసార్లు వచ్చి చెప్పిందమ్మా ఈ అమ్మాయి! ఎనిమిదిసార్లు! ఒక్కసారైనా చెవిన పెట్టావా? మొగుడు మంచాన పడితే ఇట్లాగేనా చూసుకునేది?"

ఆమె బుక్కు వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"సారూ, గీ బిడ్డ అసలుకు..." అంటూ ఆయన మంచం మీంచి ఏదో చెప్పబోయాడు.

"నువ్వు ఊకో," అని ఆయన భుజం మీద చెయ్యి వేసి అదిమింది. "చెప్పింది సారూ. వారం వారం వచ్చి చెప్పింది. తప్పు నాదే. బీడీల పనిల వడి మర్సిన."

నాకు నోరు పెగల్లేదంటే అబద్ధం. పెగిలేదే, నేనే పెగలనివ్వలేదు. రోజూ పుండు కడిగి కట్టు కట్టాలని నర్సుకు పురమాయించి, ప్రొఫెసర్ నా బుక్కులో 'చాలా బాగుంది' అని రాశారు. జీపులో, "నువ్వేం చేస్తావు పాపం, వీళ్లింతే, చెప్పినా వినరు," అన్నారు. నేను తల ఊపాను. ఛీ! ఎన్నో తప్పులు చేశాను గానీ, ఆ తల ఊపడమంత నీచమైన పని ఇంకొకటి చేయలేదు. ఇప్పుడు నేనూ ప్రొఫెసర్‌నే, నా దగ్గరికి పిల్లలు బుక్కులు తెస్తారు. 'సలహా ఇచ్చాను' అని కనబడితే, ఎవరికిచ్చావు, వాళ్లేమన్నారు అని గుచ్చి గుచ్చి అడుగుతాను. మేడమ్‌ది చాదస్తమని నవ్వుకుంటారు. అలా ఎందుకు అడుగుతానో ఈనాటి వరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి బాపు దుకాణం నుంచి జిలేబీ తెచ్చాడు. "మా బిడ్డకు పెద్ద సారు శెభాష్ అన్నడంట," అని బజారంతా చెప్పి వచ్చాడట.

తెల్లవారి మొదటి బస్సుకు వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని చాటలో బీడీ ఆకు కత్తిరిస్తోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"నిన్న గట్లెందుకు చెప్పినవ్ అక్కా?" అన్నాను. అక్కా అని పిలవడం అదే మొదలు.

ఆమె తల ఎత్తలేదు. "మరేం జెప్పాలె? నువ్వు రాలేదంటె సారు నిన్ను తిడుతుండె. నా కడుపుమంట సల్లారుతుండె. తర్వాత నువ్వు మల్ల గీ గడప తొక్కుతుంటివా? ఈయనను సూసెటోళ్లు ఇంకెవరున్నరు మాకు? ఏడు గురువారాలు బిడ్డా! బస్సు సప్పుడైతె చాలు, చేతుల పని ఇడిసి లేసి నిలవడ్డ. నువ్వు దిగుతవేమో అని."

ఆమె చాట పక్కన పెట్టింది.

"సరేగని, గా బుక్కుల ఏం రాసినవో గది చెప్పు. మర్సిన అని ఒప్పుకున్న గదా? ఏం మర్సిన్నో గదన్న నాకు ఎరుక కావాలె."

చెప్పాను. "రెండు గంటలకొక్కపారి పక్క మార్సాలె. ఓపారి ఎడమకు, ఓపారి కుడికి. వీపు తడి ఉండొద్దు. నడుము కింద మెత్తటి బట్ట పెట్టాలె."

"ఇంకా?"

"గంతే అక్కా."

"మందు ఏం లేదా?"

"అప్పుడు ఎర్రగున్ననాడైతె, లేదు."

"గింతేనా?" అంది. "పక్క మార్సుడేనా? రెండు గంటలకు గాదు, గంటకోపారి మారుస్తుంటి గద బిడ్డా!"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ప్రొఫెసర్ అన్ని మాటలన్నప్పుడు కూడా ఆమె ఏడవలేదు.

తర్వాత ఇద్దరం లోపలికి వెళ్లాం. ఆమె భుజాలు పట్టింది, నేను నడుము పట్టాను, ఆయన్ని ఎడమ పక్కకు ఒరిగించాం. ఇంట్లో గడియారం లేదు. రెండు గంటలు ఎలా తెలుస్తాయని అడిగాను.

"బస్సు రెండు గంటలకొకటి వస్తది గదా. బస్సుకొక్కపారి మారుస్త. రాత్రి సంగతి ఎట్లనో తిప్పలు వడ్త," అంది. "గా సప్పుడు నాకు బాగ ఎరుక."

తర్వాతి బస్సు వచ్చేదాకా అక్కడే ఉన్నాను. ఎక్కి కిటికీలోంచి చూశాను. ఆమె గడపలో నిలబడి లేదు. లోపల ఆయన పక్క మారుస్తోంది.