తాతయ్య పేరున ఒక గుక్క

ఫెలిక్స్‌ను సాగనంపిన మర్నాటి నుంచీ ఆర్డిస్ కొస్మాట్కా కాలుకాలిన పిల్లిలా తిరుగుతోంది. తుడిచిన గ్లాసులే మళ్లీ తుడుస్తుంది. ఐసు నిండుగా ఉన్న పెట్టెలో ఇంకా ఐసు పోస్తుంది. బార్‌కి వచ్చినవాళ్లంతా, పాపం, మొగుడు పోయిన దుఃఖం అనుకున్నారు. దుఃఖం లేదని కాదు. ఆమెను కూర్చోనివ్వనిది మాత్రం అది కాదు.

ఆర్డిస్ పందొమ్మిదేళ్లకు పాడిరైతుల ఇంటి నుంచి ఈ బార్‌కి కోడలిగా వచ్చింది. అప్పటికి ఆమెకు పాలు పితకడం వచ్చు, తాగినవాడితో మాట్లాడటం రాదు. ఫెలిక్స్ మెత్తని మనిషి, ఎంత తాగినవాణ్నయినా ఇక చాలు ఇంటికి పొమ్మనలేడు. ఆ పని ఈవిడ నెత్తిన పడింది. రెండు చలికాలాలు గడిచేసరికి ఎంత మొనగాడైనా ఆర్డిస్ చెయ్యి చాపితే కారు తాళాలు ఇచ్చేసి బుద్ధిగా కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. తను మాత్రం చుక్క ముట్టదు. "నేనూ తాగితే ఈ గాడిదల్ని ఇళ్లకు తోలేదెవరు?" అంటుంది. మాట దురుసు, తీర్పు చెప్పడానికి తొందర. ఊళ్లో అందరికీ ఆమె అంటే గౌరవమూ ఉంది, కాస్త బెదురూ ఉంది.

శుక్రవారం వచ్చిందంటే చేపల వేపుడు కోసం ఊరంతా అక్కడే దిగుతుంది. వంటింట్లో నూనె మూకుడు ముందు నిలబడేది మార్లిస్. ఇద్దరిదీ ఏళ్లనాటి జోడీ. మార్లిస్ కూతురు జోలీన్, ఆర్డిస్ మనవరాలు టెస్సా హైస్కూల్ బాస్కెట్‌బాల్ జట్టులో కలిసి ఆడతారు. కొత్త సంవత్సరం రోజుల్లో ఊరి బయట కంకర గోతుల దగ్గర పిల్లలు మంటేసుకుని బీరు తాగారు. జోలీన్ చేతిలో బీరు డబ్బాతో ఉన్న ఫొటో స్కూల్‌కి చేరింది. తాగలేదు, ఎవరో పట్టుకోమంటే పట్టుకున్నానని ఆ పిల్ల ఏడ్చింది. ఆటగాళ్ల నియమం ప్రకారం పట్టుకున్నా తాగినట్టే, స్కూల్లోనైనా బయటైనా ఒకటే. జనవరి అంతా ఆడే వీల్లేక జోలీన్ మామూలు బట్టల్లో బెంచీ చివర కూర్చుంది.

అప్పుడు బార్‌లో ఎవరో "పాపం, చిన్నపిల్ల కదా" అన్నారు. ఆర్డిస్ ఒంటికాలి మీద లేచింది.

"ఏం పాపం? ఆట కావాలో బీరు కావాలో తేల్చుకోవాలి. నియమం అన్నాక అందరికీ ఒకటే. నా మనవరాలైనా సరే!"

వంటింటి కిటికీలోంచి మార్లిస్ అంతా విన్నది. వేగిన చేపల పళ్లెం కిటికీలో పెట్టి, మళ్లీ పొయ్యి వైపు తిరిగింది.

తర్వాత ఫిబ్రవరిలో ఫెలిక్స్ పోయాడు. చర్చి నుంచి జనమంతా బార్‌కే వచ్చారు. ఆర్డిస్ ఆయనకిష్టమైన బ్రాందీ తీసి అందరికీ పోసింది. టెస్సా ఓ మూల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. దానికి బంతి పట్టడం నేర్పింది తాతే. తండ్రి పక్కనే ఉన్నాడు. తల్లో తండ్రో పక్కనుంటే పిల్లలు బార్‌లో తాగినా విస్కాన్సిన్ రాష్ట్ర చట్టం ఏమీ అనదు. ఆ బార్‌లో పెళ్లికీ చావుకీ పెద్దల పేరున మొదటి గుక్క తాగని పిల్లలు లేరు. ఆర్డిస్ ముందూ వెనకా చూసుకోలేదు. "తాతయ్య పేరున ఒక్క గుక్కమ్మా" అని చిన్న గ్లాసు మనవరాలి చేతిలో పెట్టింది. టెస్సా నానమ్మ ముఖంలోకి ఒక క్షణం చూసి, తాగేసింది.

ఎదురుగా గ్లాసు ఎత్తినవాళ్లలో లైల్ హాగెన్ ఉన్నాడు. స్కూల్లో ఆటల వ్యవహారమంతా చూసే అధికారి అతనే. జోలీన్‌ను కూర్చోబెట్టిందీ అతనే. రొట్టెల పళ్లెంతో వంటింటి గుమ్మంలో నిలబడిన మార్లిస్ కూడా చూసింది.

జనం వెళ్లిపోయాక ఖాళీ గ్లాసులు ఏరుతుంటే ఆర్డిస్‌కు తట్టింది తను ఏం చేసిందో. నానమ్మ పోసినా సరే, స్కూల్ నియమం ప్రకారం తాగినట్టే. వచ్చే శుక్రవారం టోర్నమెంట్ మొదలు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. టెస్సాకు స్కూల్లో ఇదే ఆఖరి ఏడాది.

ఎవరూ నోరు మెదపలేదు. ఆ రోజు అక్కడే ఉన్నవాళ్లు కూడా బీరు తాగుతూ "మీ పిల్ల ఉంటే చాలమ్మా, గెలిచినట్టే" అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆర్డిస్ ఏదో ఒక పని కల్పించుకుని లోపలికి పోయేది. లోపల మార్లిస్ ఉండేది, కాబేజీ తరుగుతూ.

"ఏదో ఒకటి అనవే మార్లిస్!"

"ఏమనాలి? నూనె అయిపోవచ్చింది, తెప్పించు."

"నేనడిగేది నూనె గురించి కాదు."

"నాకింకేం తెలుసు? వంటదాన్ని."

తిట్టినా బాగుండుననిపించింది ఆర్డిస్‌కు. బుధవారం టెస్సా భోజనానికి వచ్చి, పళ్లెంలో ఉన్నదాన్ని అటూ ఇటూ నెడుతూ కూర్చుంది. పిల్లకు ఆడాలని ఉంది, అందుకే నోరు విప్పడం లేదు అనుకుంది ఆర్డిస్. ఎలా చెప్పాలి దానికి? చెప్పబోయి, ఇంకాస్త బంగాళాదుంప వెయ్యనా అని అడిగింది.

గురువారం ఇక ఉండబట్టలేక కోటు తొడుక్కుని స్కూల్‌కి వెళ్లింది.

"లైల్, ఆ రోజు నువ్వు చూశావు."

"దేన్నండీ?"

"వేషాలెయ్యకు. దాని గ్లాసుకి నీ గ్లాసు తగిలించావు."

లైల్ లేచి తలుపు మూశాడు. "ఆర్డిస్ గారూ, మీ ఇంట్లో చావు జరిగింది. ఆ రోజును లెక్కలోకి తీసుకోకూడదు. దయచేసి ఇంటికెళ్లండి."

"చావురోజు తాగొచ్చని నీ నియమంలో ఉందా?"

"లేదు." అతను నుదురు రుద్దుకున్నాడు. "టెస్సా కూడా ఇదే అడిగింది."

"టెస్సానా?"

"సోమవారం పొద్దున్నే వచ్చి తాగానని చెప్పింది. నేనే పంపేశా. మీ నానమ్మ ఇప్పుడిది తట్టుకోలేదమ్మా, ఆవిడ కోసమైనా ఊరుకో అన్నాను."

ఆర్డిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. మరుక్షణం ఒళ్లు మండింది.

"నా ఏడుపును అడ్డం పెట్టుకుని మ్యాచ్ గెలుద్దామనుకున్నావట్రా? జోలీన్ ఏడిస్తే విన్నావా నువ్వు? నేను విన్నానా?"

లైల్ తల దించుకున్నాడు.

"పోసింది నేను. నన్ను మ్యాచ్‌లు జరిగే జిమ్ములో అడుగు పెట్టనివ్వకు, ఏడాది పాటు."

"మీకు వేసే శిక్ష నా దగ్గర లేదండీ. ఉన్నది పిల్లకే."

ఆర్డిస్ లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది. "అయితే ఉన్నదే వెయ్యి" అంది.

టెస్సా బయట తన కారు దగ్గర నిలబడి ఉంది. నానమ్మ ముఖం చూడగానే అర్థమైపోయింది దానికి.

"నాతో ముందే చెప్పొచ్చు కదే తల్లీ" అంది ఆర్డిస్.

"నువ్వు చెప్తావని చూశా. వారమంతా చూశా." టెస్సా కారు తలుపు తెరిచింది. "వద్దంటే నీ మనసు కష్టపడుతుందని తాగాను నానమ్మా. నాకు ఆడాలని ఉంది. తాతయ్య కోసం ఆడాలని ఉంది." దగ్గరకు తీసుకోబోతే విదిలించుకుని, కారెక్కి వెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రం ఆర్డిస్ పొయ్యి వెలిగించనివ్వలేదు, బార్‌కి తాళం వేసింది. చేపల కోసం వచ్చినవాళ్లు గొణుక్కుంటూ పోయారు. ఆమె జిమ్ములోకి వెళ్లేసరికి ఆట మొదలైంది. టెస్సా మామూలు స్వెటర్‌లో బెంచీ చివర కూర్చుని ఉంది. దాని బదులు జోలీన్ ఆడుతోంది. జనంలో చాలామంది ఆర్డిస్ వైపు తిరిగి చూశారు. కొందరి చూపులో జాలి లేదు. కోపమే ఉంది.

మార్లిస్ పై వరసలో ఒంటరిగా ఉంది. ఆర్డిస్ మెట్లెక్కి అక్కడికే వెళ్లింది. మార్లిస్ పక్కనున్న కోటు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆర్డిస్ కూర్చుంది.

"జోలీన్ బెంచీ మీదున్నప్పుడు నువ్వు ఒక్క మ్యాచ్‌కీ రాలేదు" అంది మార్లిస్, ఆట మీది నుంచి చూపు తిప్పకుండా.

"రాలేదు."

"నేను అన్నిటికీ వచ్చాను. నా పిల్ల ఒక్కసారి కూడా తలెత్తి పైకి చూడలేదు."

ఆర్డిస్ చెయ్యి చాపి మార్లిస్ మోచెయ్యి పట్టుకుంది. మార్లిస్ లాక్కోలేదు.

"లేచి వెళ్లకు" అంది మార్లిస్. "నీ పిల్ల ఎప్పుడు తలెత్తుతుందో చెప్పలేం. ఎత్తినప్పుడు నువ్వు కనపడాలి."

ఆట సగమైంది. ఊరి జట్టు వెనకబడింది. టెస్సా నేల వైపే చూస్తోంది. ఆర్డిస్ దాన్నే చూస్తోంది.