కత్తిరించిన ధర

మా నాయనకు మూర్ఛలు వచ్చేవి. మాత్ర వేసుకుంటే రావు, మానేస్తే వస్తాయి. ఇళ్లు కట్టే మేస్త్రీ ఆయన, పొద్దున లేస్తే పరంజా ఎక్కాలి. రోజుకో మాత్ర తప్పకూడదని వేలూరు డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

తమిళనాడులోని గుడియాత్తంలో మా కట్టడం పనివాళ్లందరిదీ ఒకటే పద్ధతి. శనివారం కూలి చేతికొస్తే వారానికి బియ్యం, వారానికి మాత్రలు. స్ట్రిప్పు మొత్తం ఎవరూ కొనరు. మందుల షాపాయన కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాడు. ధర అచ్చేసిన కొస ఆయన దగ్గరే ఉండిపోయేది. చివరి ముక్క ఇవ్వాల్సి వచ్చినా ఆ అంచు తీసేసే ఇచ్చేవాడు. చేతికి గుచ్చుకోకుండా ఎంత జాగ్రత్తో అని మురిసిపోయేది మా అమ్మ. పైగా ఆయనా తెలుగాయనే.

దేశం తలుపులు తెరిచిందని అప్పట్లో పేపర్లు ఊదరగొట్టేవి. షాపాయనకు అది బాగా కలిసొచ్చింది. ధర పెంచినప్పుడల్లా డాలరు పెరిగిందనేవాడు. డాలరు మొహం మేమెన్నడు చూశాం?

ఒకరోజు కే.వి.కుప్పంలో గోడకు పూత పూస్తుండగా నాయనకు మూర్ఛ వచ్చింది. పరంజా మీంచి పడ్డాడు. నడుము విరిగింది. మళ్లీ నిలబడలేదు. కొన్ని నెలలుగా మాత్రను సగానికి విరిచి మింగుతున్నానని ఆసుపత్రి మంచం మీద చెప్పాడు.

"సిమెంటు ధర పెరిగితే ఇసుక ఎక్కువ కలుపుతాం గదమ్మా. దీనికీ అట్లే సరిపోతాదనుకుంటి."

ఆ సాయంత్రం ఆసుపత్రి ఎదుటి షాపులో మొదటిసారి స్ట్రిప్పు మొత్తం కొన్నాను. కొసన ధర ఉంది. ఇన్నాళ్లూ మేము పోసినదాంట్లో సగం కూడా లేదు. నా ఒళ్లు మండిపోయింది. గుడియాత్తంలో బస్సు దిగి, నేరుగా వెళ్లి ఆ స్ట్రిప్పును షాపాయన ముందు కొట్టాను. నాయన పడిన సంగతి ఆయనకు అప్పటికే తెలుసు. అయినా తొణకలేదు. అద్దె అన్నాడు, కరెంటు అన్నాడు, విడిగా అమ్మితే నష్టమన్నాడు. సరే, ధర ఎందుకు దాచావని అడిగాను.

"వారం వారం కొనేటోళ్లు మీరు. ధర తెలిసి ఏం చేస్తారమ్మా?"

మాత్రల కోసం షాపు ముందు నిలబడ్డ మా పనివాళ్లందరికీ వినిపించేలా చెప్పాను.

"తెలిసుంటే మా నాయన మాత్రను విరిచుండడు."